కాలదోషం పట్టిన అప్పు: 1859 చట్టం నుంచి ఖరగ్‌పూర్ జీతం రోజు దాకా

"ఆ నోటుకి కాలదోషం పట్టింది." ఈ మాట మన ఇళ్లలో అందరూ వినే ఉంటారు. ప్రోనోటు రాసి మూడేళ్లు దాటితే కోర్టుకి వెళ్లి లాభం లేదని పెద్దగా చదువుకోని వాళ్లకీ తెలుసు. అయితే ఆ గడువు మూడేళ్లే ఎందుకైంది? దాన్ని ఎవరి మేలు కోసం పెట్టారు? ఆ మేలు నిజంగా వాళ్లకి అందిందా? ఈ మూడు ప్రశ్నలు వెతుక్కుంటూ పోతే దక్కన్ అల్లర్లు, రైల్వే కార్మికోద్యమం, విట్లీ కమిషన్, ప్రివీ కౌన్సిల్ తీర్పు, ఆర్టికల్ 21 అన్నీ ఒకే దారంలోకి వస్తాయి. జీఎస్-1లో ఆధునిక చరిత్రకి, జీఎస్-2లో పాలిటీకి ఈ వ్యాసం పనికొస్తుంది. ఉదాహరణగా మన తెలుగువాళ్లు తరతరాలుగా పనిచేస్తున్న రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌ని తీసుకుందాం.

ముందు భావన అర్థం చేసుకుందాం

కాలపరిమితి చట్టం అప్పుని రద్దు చేయదు. అప్పు వసూలు కోసం దావా వేసే దారిని మాత్రమే మూసేస్తుంది. హక్కు మిగిలే ఉంటుంది, దాన్ని కోర్టు ద్వారా సాధించుకునే మార్గం పోతుంది. 1958లో బాంబే డయింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కార్మికులు అడగని పాత జీతాలకు గడువు దాటినా యజమాని బాకీ తీరిపోయినట్టు కాదని కోర్టు స్పష్టం చేసింది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి. కింద వచ్చే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

గడువు పెట్టడానికి సాధారణంగా మూడు కారణాలు చెబుతారు. ఏళ్లు గడిచేకొద్దీ సాక్ష్యాలు పోతాయి. హక్కు ఉన్నవాడు నిద్రపోకూడదు. ఎదుటివాడి మీద వివాదం జీవితాంతం కత్తిలా వేలాడకూడదు. మన దేశంలో వీటికి నాలుగో కారణం తోడైంది. వడ్డీ పేరుకుపోకుండా ఆపాలన్నది ఆ కారణం.

పన్నెండేళ్ల నుంచి మూడేళ్లకి

కంపెనీ పాలనలో 1793 నాటి బెంగాల్ మూడో రెగ్యులేషన్ సివిల్ దావాలకు పన్నెండేళ్ల గడువు ఇచ్చింది. 1802లో మద్రాసు రెగ్యులేషన్ కూడా అదే పద్ధతిలో నడిచింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లోని ఉన్నత కోర్టులు మాత్రం 1623 నాటి ఇంగ్లీషు చట్టాన్ని పాటించేవి. దాని ప్రకారం మామూలు అప్పుకి గడువు ఆరేళ్లు. ఒకే దేశంలో నగరానికి ఒక గడువు, పల్లెకి ఒక గడువు ఉండేవన్నమాట.

ఈ గందరగోళాన్ని 1859 నాటి పద్నాలుగో చట్టం తొలగించింది. రిజిస్టర్ కాని అప్పు పత్రాలకు మూడేళ్లు, రిజిస్టర్ చేసిన వాటికి ఆరేళ్లు గడువు పెట్టింది. తర్వాత 1871, 1877, 1908 చట్టాలు వచ్చాయి. ఇప్పుడున్నది 1963 చట్టం, 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. చట్టాలు ఎన్ని మారినా మామూలు చేబదులుకి ఆ మూడేళ్ల గడువు మాత్రం నేటికీ అలాగే ఉంది.

దక్కన్ నేర్పిన పాఠం

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర చదివినవాళ్లకి ఈ భాగం తెలిసిందే. 1859 చట్టం ఉద్దేశం రైతుకి మేలు చేయడమే. మూడేళ్లలో వసూలు చేసుకోకపోతే అప్పు పోతుంది కాబట్టి వడ్డీ కొండలా పెరగదని అనుకున్నారు. జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడో ఏడు ముగిసేలోపు షావుకారు రైతుని పిలిపించి కొత్త పత్రం రాయించుకునేవాడు. పాత అసలు, పాత వడ్డీ కలిసి కొత్త అసలయ్యేవి. దాని మీద మళ్లీ వడ్డీ. మన భాషలో చెప్పాలంటే నోటు తిరగరాయడం. వడ్డీని ఆపాల్సిన గడువే మూడేళ్లకోసారి చక్రవడ్డీ కట్టే గడియారమైంది.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక పత్తి గిరాకీ పడిపోయింది. షావుకార్లు కొత్త అప్పులు ఆపేసి పాతవి అడగడం మొదలుపెట్టారు. 1875 మే 12న పూనా జిల్లా సూపాలో రైతులు తిరగబడ్డారు. వాళ్లు ముఖ్యంగా గురిపెట్టింది పత్రాలు, ఖాతా పుస్తకాల మీద. వాటిని లాక్కుని తగలబెట్టారు. తమని కట్టిపడేస్తున్నది కాగితమని వాళ్లకి బాగా తెలుసు.

దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు 1879 నాటి దక్కన్ రైతుల సహాయ చట్టం. రైతుని కాపాడటానికి తెచ్చిన ఈ చట్టం గడువుని తగ్గించకపోగా పెంచింది! గ్రామ రిజిస్ట్రార్ ముందు రాసిన పత్రాలకు పన్నెండేళ్లు, మిగతా వాటికి ఆరేళ్లు చేసింది. తొందరగా తిరగరాయించుకునే అవసరం షావుకారుకి ఉండకూడదన్నదే ఇందులోని ఆలోచన. దాంతోపాటు, పత్రం మీదున్న అంకె చూసి ఊరుకోకుండా అప్పు చరిత్ర మొత్తం విప్పి లెక్క చూసే అధికారాన్ని కోర్టులకి ఇచ్చింది.

మెయిన్స్‌లో రాయదగ్గ వాక్యం ఇది: గడువు చిన్నదా పెద్దదా అన్నదానికంటే గడువు ముగిసేముందు ఎవరు ఎవరి చేత సంతకం పెట్టించగలరన్నది ముఖ్యం.

ఖరగ్‌పూర్: జీతం మీద అప్పు

దక్కన్‌లో అప్పుకి భరోసా పొలం. రైల్వే పట్టణంలో అప్పుకి భరోసా జీతం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ శతాబ్దం చివరికి ఖరగ్‌పూర్ జంక్షన్ అయింది, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో పెద్ద వర్క్‌షాపు వచ్చింది. అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి తెలుగువాళ్లు ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. నిమ్‌పురా, మథురాకాఠీ లాంటి చోట్ల ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే అందులో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంఖ్య పాత్ర ఉంది.

నెల జీతం వచ్చేవాడికి వడ్డీ వ్యాపారి సంతోషంగా అప్పు ఇస్తాడు. ఎందుకంటే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే రైల్వే కంపెనీ ఉద్యోగి పేరు ప్రత్యేకంగా కనిపిస్తుంది. సెక్షన్ 60 అతని జీతంలో కొంత భాగాన్ని జప్తు నుంచి మినహాయించింది. మిగతాది జప్తు చేయాలంటే ఆర్డర్ 21 రూల్ 48 కింద జీతం ఇచ్చే అధికారికే కోర్టు ఉత్తర్వు పంపవచ్చు. అంటే డిక్రీ ఒక్కటి చేతిలో ఉంటే జీతం కార్మికుడికి చేరకముందే అప్పులవాడి వాటా తెగిపోతుంది. పొలాన్ని వేలం వేయించడం కంటే ఇది ఎంతో సులువు.

ఇక కోర్టు మెట్లెక్కని వ్యాపారులు వేరే ఉన్నారు. బెంగాల్ పారిశ్రామిక పట్టణాల్లో కాబూలీలుగా పేరుపడిన పఠాన్ వ్యాపారులు బట్టలు అరువుకి అమ్మేవాళ్లు, చేబదులు ఇచ్చేవాళ్లు. టాగోర్ 1892లో రాసిన "కాబూలీవాలా" కథలో రహమత్ జైలుకి వెళ్లింది కూడా ఒక అరువు బాకీ గొడవలోనే. రాంపురీ శాలువా కొన్నవాడు బాకీ లేదని బుకాయిస్తే అతను కత్తితో పొడుస్తాడు. ఇలాంటి వసూలుకి మూడేళ్ల గడువుతో పనిలేదు. జీతం రోజున ఫ్యాక్టరీ గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడటమే అక్కడ చట్టం.

1927లో ఖరగ్‌పూర్ రెండు పెద్ద పోరాటాలు చూసింది. ఫిబ్రవరిలో సమ్మె జరిగింది. సెప్టెంబరులో వర్క్‌షాపు ఉద్యోగాల కోత మీద మళ్లీ సంఘర్షణ, లాకౌట్ వచ్చాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపించిన నాయకుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి. తర్వాత కాలంలో మన రాష్ట్రపతి అయ్యారు. సమ్మెలో జీతం ఆగుతుంది కానీ వడ్డీ ఆగదు. కార్మిక చరిత్ర చదివేటప్పుడు ఈ కోణాన్ని వదిలేయొద్దు. ఎన్నాళ్లు సమ్మె నిలబడుతుందన్నది సంఘం బలంతో పాటు దుకాణంలో అరువు ఎన్నాళ్లు దొరుకుతుందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

అదే సంవత్సరం చట్టంలో ఒక చిన్న మార్పు జరిగింది. అంతవరకు బాకీదారు వడ్డీ కట్టాడని చూపిస్తే చాలు, మూడేళ్ల గడువు మళ్లీ మొదలయ్యేది. కట్టాడో లేదో వ్యాపారి పుస్తకమే చెప్పేది. 1927 సవరణ తర్వాత, 1928 జనవరి 1 నుంచి జరిగే వడ్డీ చెల్లింపులకు కట్టినవాడి చేతిరాత గానీ సంతకం గానీ ఉండి తీరాలి. మనవాళ్లు నోటు వెనక "చెల్లు" రాయించి సంతకం తీసుకునే అలవాటుకి చట్టపరమైన విలువ ఇక్కడుంది. అయితే రాయడం రానివాడి వేలిముద్ర కూడా చట్టం దృష్టిలో సంతకమే. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేసే కార్మికుడికి ఈ రక్షణ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

విట్లీ కమిషన్ ఏం చూసింది?

జె.హెచ్.విట్లీ అధ్యక్షతన 1929లో ఏర్పడిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ 1931లో నివేదిక ఇచ్చింది. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతుల కుటుంబాలకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నాయని, ఎక్కువ మందికి ఆ అప్పు మూడు నెలల జీతాన్ని మించి ఉందని అంచనా వేసింది. రూపాయికి నెలకి అణా వడ్డీ మామూలేనని గమనించింది. అంటే ఏడాదికి 75 శాతం.

కమిషన్ సిఫార్సుల దిశ గమనించండి. అప్పు వసూలయ్యే తీరు మీదే అది దృష్టి పెట్టింది: జీతం జప్తు కాకూడదు, అప్పుకి జైలు ఉండకూడదు, పని చోట కాపు కాసి వసూలు చేయడం నేరం కావాలి. తర్వాత వచ్చిన చట్టాలు ఇవి:

- బెంగాల్ కార్మిక రక్షణ చట్టం, 1934: అప్పు వసూలు కోసం పని స్థలం దగ్గర కాపు కాయడాన్ని నేరం చేసింది. మొదట కలకత్తా, దాని చుట్టూ ఉన్న పారిశ్రామిక ప్రాంతాలకు వర్తించింది.
- వేతన చెల్లింపు చట్టం, 1936: చట్టంలో చెప్పిన కోతలు తప్ప జీతంలో మరే కోతా పెట్టకూడదంది. రైల్వేలకూ వర్తించింది.
- సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణ, 1936: కట్టే స్తోమత ఉండీ ఎగ్గొడుతున్నాడని, లేదా మోసం చేస్తున్నాడని తేలితే తప్ప బాకీదారుని జైలుకి పంపకూడదంది.
- అదే కోడ్‌కి 1937 సవరణ: జీతంలో మొదటి 100 రూపాయలు జప్తుకి అందకుండా చేసింది.

ఇక్కడ ఒక తేడా చూడండి. వేతన చెల్లింపు చట్టం కింద అన్యాయంగా కోసిన జీతం కోసం కార్మికుడు ఆరు నెలల్లో దరఖాస్తు చేసుకోవాలి. అదే కార్మికుడి మీద వడ్డీ వ్యాపారి దావా వేయడానికి మాత్రం మూడేళ్లు! 1964 సవరణ ఆ ఆరు నెలలని పన్నెండు నెలలు చేసింది. 2019 వేతన కోడ్ మూడేళ్లకి పెంచింది. కార్మికుడికి రావాల్సిన బాకీ, కార్మికుడు ఇవ్వాల్సిన బాకీ చట్టం కళ్లకి ఒకే గడువుతో కనిపించడానికి ఎనభై ఏళ్లకి పైగా పట్టింది.

రెండు రాష్ట్రాలు, రెండు చట్టాలు, ఒకే మనిషి

ఖరగ్‌పూర్ తెలుగు కార్మికుడికి తరచు రెండు అప్పులుండే వీలుంది. ఒకటి ఊళ్లో, ఒకటి పట్టణంలో. ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. రాజాజీ ప్రభుత్వం 1938లో మద్రాసు రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. అప్పుడు కార్మిక మంత్రి వి.వి.గిరి. ఆ చట్టం పాత వడ్డీ బకాయిల్ని కొట్టేసింది. అసలుకి రెట్టింపు ఇప్పటికే కట్టేసిన రైతు పాత అప్పు తీరినట్టేనంది. అయితే ఇది భూమితో సంబంధం ఉన్న రైతుకే. పట్టణంలో చేసిన చేబదులుకి ఫజ్లుల్ హక్ ప్రభుత్వం తెచ్చిన 1940 బెంగాల్ మనీలెండర్స్ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అది హామీ ఉన్న అప్పుకి 8 శాతం, హామీ లేనిదానికి 10 శాతం బారువడ్డీని గరిష్ఠంగా నిర్ణయించింది. అసలు, వడ్డీ కలిపి మొదటి అసలుకి రెట్టింపు దాటకూడదంది. ఇది హిందూ ధర్మశాస్త్రాల్లోని "దామ్‌దుపట్" సూత్రానికి దగ్గరగా ఉంటుంది.

పాలిటీకి ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. అప్పు వ్యాపారం రాష్ట్రాల జాబితాలోది, ప్రోనోటు ఫెడరల్ జాబితాలోది. మరి ప్రోనోటు మీద ఇచ్చిన అప్పుకి బెంగాల్ శాసనసభ పరిమితి పెట్టవచ్చా? 1947లో ప్రఫుల్ల కుమార్ ముఖర్జీ వర్సెస్ ఖుల్నా బ్యాంక్ ఆఫ్ కామర్స్ కేసులో ప్రివీ కౌన్సిల్ పెట్టవచ్చంది. చట్టం అసలు సారం అప్పు వ్యాపారమే కాబట్టి ప్రోనోట్లని తాకినంత మాత్రాన చెల్లకుండా పోదని చెప్పింది. మనం చదివే పిత్ అండ్ సబ్‌స్టెన్స్ సూత్రానికి ఈ కేసే ప్రామాణిక ఉదాహరణ. దాని వెనకున్నది బెంగాల్ బాకీదారుల బతుకులని గుర్తుంటే సూత్రం మర్చిపోరు.

ఇప్పుడున్న చట్టం: ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోవాల్సినవి

- చేబదులు, డిమాండ్ ప్రోనోటు, అరువుకి అమ్మిన సరుకు: మూడేళ్లు.
- తాకట్టు పెట్టిన స్థిరాస్తి మీద రావాల్సిన డబ్బు: పన్నెండేళ్లు.
- కోర్టు డిక్రీ అమలు: పన్నెండేళ్లు. దావాకి మూడేళ్లే ఉన్నా, డిక్రీ వచ్చాక గడువు నాలుగింతలవుతుంది. సమన్లు వస్తే పక్కన పడేయకూడదనేది ఇందుకే.
- సెక్షన్ 3: గడువు దాటిందని ప్రతివాది చెప్పకపోయినా కోర్టే దావా కొట్టేయాలి.
- సెక్షన్ 18: గడువు ముగిసేలోపు బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే మళ్లీ మొదటి నుంచి మూడేళ్లు. ఈ-మెయిల్ కూడా ఇలాంటి ఒప్పుదలే అవుతుందని కర్ణాటక హైకోర్టు 2013లో చెప్పింది.
- సెక్షన్ 19: గడువులోపు కొంత కట్టి, దానికి రాత ఆధారం ఉంటే మళ్లీ మూడేళ్లు.
- కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 25(3): గడువు దాటిన అప్పుని కడతానని రాసి సంతకం చేస్తే అది కొత్త ఒప్పందం. నోటి మాట చాలదు.

చివరి మూడింటి తేడా మీద ప్రశ్న రావచ్చు. 18, 19 సెక్షన్లు బతికున్న గడువునే పొడిగిస్తాయి. చచ్చిన గడువుని లేపగలిగేది రాతపూర్వకమైన కొత్త వాగ్దానం మాత్రమే.

ఇక జీతం సంగతి. నేటి సెక్షన్ 60 ప్రకారం మామూలు డిక్రీలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకి అందవు. మినహాయింపు ఉన్న అలవెన్సులు తీసేశాక జీతం 31,000 అనుకుంటే గరిష్ఠంగా 10,000 జప్తు చేయవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు జరిగాక ఆ డిక్రీకి ఆ జీతం ఇక దొరకదు. ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వ పింఛను జప్తు కావు.

గడువు దాటాక ఏం మిగులుతుంది?

హక్కు మిగులుతుందని ముందే అనుకున్నాం. దాని ఫలితాలు ఇవి. బ్యాంకు దగ్గర హామీగా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ని గడువు దాటిన బాకీకి కూడా సర్దుకోవచ్చని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే రెవెన్యూ రికవరీ చట్టాన్ని వాడి కాలదోషం పట్టిన బాకీని వసూలు చేయకూడదని 1999లో కేరళ కేసులో తేల్చింది. చేతిలో హామీ ఉన్నవాడు నిలుస్తాడు, లేనివాడు ఆగిపోతాడు.

తండ్రి అప్పు మాటేమిటి? పాత హిందూ న్యాయంలో తండ్రి అప్పు తీర్చడం కొడుకు పవిత్ర బాధ్యత. 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకి కేవలం ఆ కారణంతో కొడుకుల మీద కోర్టుకి వెళ్లలేరు. వారసుడి బాధ్యత తనకి దక్కిన ఆస్తి మేరకే.

జైలు మాటేమిటి? 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ పేదరికం నేరం కాదన్న దృష్టితో ఆర్టికల్ 21ని సెక్షన్ 51కి జోడించారు. 1936 సవరణ నాటిన విత్తనం అక్కడ రాజ్యాంగ చెట్టయింది.

కర్ర పట్టుకున్న కాబూలీ పోయాడు, ఫోన్ పట్టుకున్న రికవరీ ఏజెంటు వచ్చాడు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వసూలు ఫోన్లు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే చేయాలని, బెదిరింపులు కూడదని ఆదేశించింది. 1934 బెంగాల్ చట్టం గేటు దగ్గర కాపు కాయొద్దంటే, ఇది ఫోన్‌లో కాపు కాయొద్దంటోంది. ఇంకో కొత్త సంగతి కూడా ఉంది. క్రెడిట్ సమాచార సంస్థలు మన అప్పు చరిత్రని కనీసం ఏడేళ్లు ఉంచాలి. కోర్టుకి మూడేళ్లకే మూసుకున్న పుస్తకం బ్యాంకు కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది.

విశ్లేషణ

గడువు అవసరమే. అది లేకపోతే తాత నోటు మనవడి గుమ్మం దాకా వస్తుంది. కానీ 1859 నుంచి ఇప్పటిదాకా చూస్తే గడువు ఒక్కటే బాకీదారుని కాపాడిన సందర్భం అరుదు. అవసరంలో ఉన్నవాడి సంతకం ఎప్పుడూ చవకే. కొత్త అప్పు కావాలంటే పాత నోటు తిరగరాయక తప్పదు. అందుకే బాకీదారుకి నిజంగా ఊపిరి పోసినవి వేరే: వడ్డీకి పైకప్పు, జీతంలో ముట్టుకోరాని భాగం, వసూలు పద్ధతికి హద్దు, జైలు నుంచి రక్షణ, తక్కువ వడ్డీకి అప్పిచ్చే సహకార సంఘం. ఇవన్నీ ఉన్నచోటే మూడేళ్ల గడువుకి అర్థం ఉంటుంది.

రుణదాత వైపు వాదనని కూడా జవాబులో రాయాలి. వసూలు మరీ కష్టమైతే నిజాయితీగా అప్పిచ్చేవాడు తప్పుకుంటాడు, చట్టానికి భయపడనివాడు మిగులుతాడు. దక్కన్ చట్టం మీదా, మద్రాసు, బెంగాల్ చట్టాల మీదా ఇదే విమర్శ వచ్చింది. బాకీదారుకి రక్షణతో పాటు ప్రత్యామ్నాయ పరపతి కూడా ఉండాలనడానికి కారణం ఇదే.

చివరిగా, పరీక్షతో సంబంధం లేని మాట ఒకటి. మీ ఇంట్లో ఎవరికైనా పాత బాకీ గురించి ఫోన్ వస్తే, అప్పు తేదీ, చివరిసారి కట్టిన తేదీ, చివరిసారి సంతకం పెట్టిన తేదీ ముందు రాసుకోమనండి. ఆ లెక్క తేలేదాకా కొత్త కాగితం మీద సంతకం గానీ, కొత్త చెక్కు గానీ ఇవ్వొద్దని చెప్పండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లకి ఉచిత సలహా దొరుకుతుంది.

సాధన ప్రశ్నలు

1. "1859 కాలపరిమితి చట్టం రైతు కోసం పుట్టి షావుకారుకి ఉపయోగపడింది." దక్కన్ అల్లర్ల నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)
2. పారిశ్రామిక కార్మికుల రుణభారంపై విట్లీ కమిషన్ పరిశీలనలు, వాటి ఫలితంగా వచ్చిన చట్టాలను వివరించండి. (150 పదాలు)
3. బెంగాల్ మనీలెండర్స్ చట్టం కేసు ఆధారంగా పిత్ అండ్ సబ్‌స్టెన్స్ సూత్రాన్ని వివరించండి. (150 పదాలు)